ట్రాన్సిస్టరుకి బొట్టు

"నాలుగున్నరకి! నాలుగున్నరకే!"

బడి వదిలే గంట ఇంకా మోగుతూనే ఉంది. బుజ్జమ్మ అరుపు దాన్ని మించిపోయింది.

అరవదా మరి? పోయిన నెల బుజ్జమ్మ పాటని విశాఖపట్నం రేడియోవాళ్లు రికార్డు చేసుకున్నారు. ఈ సాయంత్రం పిల్లల కార్యక్రమంలో వేస్తారు. ఒక్కసారే వేస్తారు. ఆ రోజు అయిదో తరగతిలో ఎవరూ పాఠం వినలేదు. నిజం చెప్పాలంటే కమలాదేవి టీచరు కూడా సరిగ్గా చెప్పలేదు.

చిక్కల్లా ఒక్కటే. బడి రేడియో మూగబోయింది. రెండు రోజులుగా అది తాయారు వాళ్ల నాన్న జగన్నాధం రిపేరు షాపులో, వెనక మూత ఊడదీసుకుని కూర్చుంది. నరసన్నపేటలో వేరే రేడియోలు లేవా అంటే ఉన్నాయి. అరవైమంది పిల్లల్ని ఇంట్లోకి రానిచ్చేవాళ్లే లేరు.

"తాయారూ, బేగి ఎల్లి సూసి రాయే!" అంది బుజ్జమ్మ.

తాయారు ఒక్క పరుగున షాపు చేరేసరికి, ఎదురుగా విశాఖపట్నం బస్సు వచ్చి ఆగింది. తాయారు మేనమామ, కండక్టరు గంగులు దూకినట్టే దిగి వచ్చి, బల్ల మీద ఒక అగ్గిపెట్టె పెట్టాడు.

"రేడియోలో మాడిపోయినదానికి బదులు కొత్తది తెచ్చినాను బావా! బస్సు ఇరవై నిమిషాలాగుతాది. ఇది పలికినాకే నాను కదుల్తాను. ఈలోగా లగేజీ దింపించి వస్తాను."

అగ్గిపెట్టెలో దూది. దూదిలో చిక్కుడు గింజంత నల్లటి ట్రాన్సిస్టరు. దానికి కాళ్లలాగా మూడు సన్నటి తీగలు.

"గ్రీజు సేతులు. కడుక్కొస్తాను. ముట్టుకోకే అమ్మా," అని జగన్నాధం పెరట్లోకి వెళ్లాడు.

ముట్టుకోకూడదనే తాయారు కూడా అనుకుంది. కానీ వాళ్లింట్లో ఒక పద్ధతుంది. కొత్త వస్తువు ఏదొచ్చినా బొట్టు పెట్టందే వాడరు. కొత్త చేటకి, కొత్త కుండకి, చివరికి నాన్న కొత్త స్క్రూడ్రైవరుకి కూడా మామ్మ బొట్టు పెట్టింది. ఇవాళ ఇంత ముఖ్యమైన వస్తువుకి పెట్టకపోతే ఎలా?

ఇంట్లోంచి తిలకం సీసా తెచ్చింది. అగ్గిపుల్ల కొన ముంచి, నల్లటి ట్రాన్సిస్టరు మీద ఎర్రటి చుక్క పెట్టింది. ఎంత ముద్దుగా ఉందో! చూస్తుండగానే ఆరిపోయింది.

జగన్నాధం చేతులు తుడుచుకుంటూ వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు.

"టంకం పెట్టవా నాన్నా?"

"దీనికొద్దే. టంకం వేడికి మాడిపోతాది. అందుకే ఈ సెట్టులో సాకెట్టెట్టినారు. ఇదిగో సూడు, మూడు కాళ్లకి మూడు కన్నాలు. గుచ్చితే సాలు. తియ్యాలంటే లాగితే సాలు."

"ఏ కాలు ఏ కన్నంలోకో ఎలా తెలుస్తాది?"

"ఎర్ర సుక్క ఉన్నాది కదా, ఆ పక్క కాలు ఈ సివరి కన్నంలోకి ఎల్లాల. తిరగబడితే పలకదు."

ఎర్ర చుక్కా? అది తాయారు పెట్టిన బొట్టు కదా!

చెబుదామని నోరు తెరిచింది. నాన్న అప్పటికే గుచ్చేశాడు. 'దేవుడా, ఇది పలికేస్తే ఇంక చెప్పక్కర్లేదు,' అనుకుంది.

జగన్నాధం స్విచ్చి వేశాడు. చప్పుడు లేదు. గుర్రుమని కూడా అనలేదు. వెంటనే ఆపేశాడు. గోడ గడియారంలో నాలుగూ పది.

అప్పుడే గంగులు వచ్చాడు. "పలికిందేటి బావా?"

"ఏటి పలుకుతాది! బస్సులో కుదిపి కుదిపి సంపేసినావు గావాల! జాగరత్తని ఎన్నిసార్లు సెప్పినాను?"

గంగులు మొహం చిన్నబోయింది. "జేబులోనే ఎట్టినాను బావా. ఇశాపట్నం కాడినుంచి ఆ జేబు మీద సెయ్యి తియ్యనేదు. ఒంటి సేత్తోనే టికెట్లు కొట్టినాను."

గుమ్మం దిగాడు. తాయారుకి ఏడుపు తన్నుకొచ్చింది. చెబితే నాన్న తిడతాడు. చెప్పకపోతే ఆ తిట్లు మావకే మిగిలిపోతాయి. బుజ్జమ్మ పాట కూడా పోతుంది.

"మావా, ఎల్లకు!" అని అరిచింది. "తప్పు నాది! ఆ ఎర్ర సుక్క నానెట్టిన బొట్టు నాన్నా!"

జగన్నాధం ట్రాన్సిస్టరుని లాగి వెలుతురుకి పెట్టి చూశాడు. రెండో పక్కన ఆవగింజంత చుక్క ఉంది. కంపెనీవాళ్లది. తాయారు వైపు చూశాడు. ఏదో అనబోయి, గడియారం చూసి ఆగిపోయాడు. తడిగుడ్డతో తిలకం తుడిచాడు.

"బతికుంటాదా నాన్నా?"

"తెల్దు. సూద్దాం."

తిప్పి గుచ్చాడు. స్విచ్చి వేశాడు. ముందు గుర్రు. తర్వాత కీచు. ఆ తర్వాత ఎవరో పెద్దాయన వరిచేలో ఎరువు ఎప్పుడు చల్లాలో చెబుతున్నాడు.

"ఒలమ్మో! పలికిందిరో!" గంగులు చప్పట్లు కొట్టాడు. ఎరువు గురించి విని ముగ్గురు మనుషులు గంతులేయడం నరసన్నపేటలో అదే మొదటిసారి అయ్యుంటుంది.

"గంగులూ, నోరు జారినాను," అన్నాడు జగన్నాధం.

"బావవి కాబట్టి ఊరుకున్నాను." గంగులు నవ్వేశాడు. బయట డ్రైవరు హారను కొడుతున్నాడు. "పాటెలాగుందో రేపు సెప్పాల తాయారూ!"

నాన్న సైకిలు ముందు కడ్డీ మీద తాయారు, ఆమె ఒళ్లో రేడియో. బడి చేరేసరికి నాలుగూ ఇరవై ఎనిమిది. రేడియోని టీచరు బల్ల మీద పెట్టారు. అరవైమందీ చుట్టూ మూగారు.

పాట మొదలైంది. బుజ్జమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది. వేళ్ల సందులోంచి రేడియోనే చూస్తోంది. "అది నానేనా? నా గొంతు అలాగుంటాదేటి?" అని అందరినీ అడిగింది. అందరూ వింటున్నారు.

పాట అయిపోగానే గది పేలిపోయినంత కేక. పిల్లలు ఎగిరారు. తాయారు అందరికన్నా ఎత్తుగా ఎగిరింది. ఆమె మోచెయ్యి తగిలి సిరాబుడ్డి బోర్లా పడింది. హాజరు పట్టీ మీద నీలం మడుగు.

గంతులు ఆగిపోయాయి. కిటికీ దగ్గరున్న కమలాదేవి టీచరు వెనక్కి తిరిగింది. సిరా చూసింది. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఎవ..."

అప్పటికే తాయారు చెయ్యి పైకి లేచి ఉంది.