సోమవారం మోగే ఫోను

పొద్దున లేవగానే విశ్వాసమ్మ చేసే మొదటి పని పొయ్యి వెలిగించడం కాదు, భర్త ఫోనుకు చార్జింగు పెట్టడం. దావీదురాజు పోయినప్పుడు వానాకాలం. ఇప్పుడు ఎండలు ముదిరాయి. ఆ ఫోను మాత్రం ఒక్కరోజు కూడా ఆరిపోలేదు. తన ఫోను సంగతి గుర్తుంటే చూసుకుంటుంది, లేకపోతే లేదు.

ఎర్రగుంట్లలో సిమెంటు దుమ్ము పడని వాకిలి ఉండదు. ఇదివరకు ఆ దుమ్మును నోరారా తిట్టుకుంటూ ఊడ్చేది. ఇప్పుడు తిట్టడం మానేసింది. ఏడవడమైతే అసలు మొదలే పెట్టలేదు. సమాధుల తోటలో ఏడవలేదు. జ్ఞాపకార్థ కూడికలో పాస్టరుగారు ఆయన పేరెత్తినప్పుడూ ఏడవలేదు. గుండె రాయి చేసుకుందని చర్చిలో ఆడవాళ్లు అనుకున్నారు. రాయైతే బరువైనా తెలియాలి కదా, ఆమెకు అదీ తెలియడం లేదు. ఎవరేం చెప్పినా "సరే" అంటుంది.

కూతురు జెస్సీ జర్మనీలో నర్సు. తల్లిని కొన్నాళ్లు తన దగ్గర పెట్టుకుంటే మనిషి తేరుకుంటుందని సెలవు పెట్టి వచ్చింది. దారిలో రోము కూడా చూపిస్తానంది. విశ్వాసమ్మ దానికీ సరే అంది. ప్రయాణానికి ఇంక వారమే ఉంది. ఆ ఉదయం జెస్సీ చాప మీద సంచులు పరుచుకుని పాఠం మొదలుపెట్టింది.

"అమా, ఇట్ల చూడు. దుడ్డంతా ఒకే తావులో పెట్టుకోవద్దు. కొంచెం ఈ నడుము సంచిలో, చీర లోపల. కొంచెం పెట్టెలో. ఆపొద్దు ఖర్చుకు ఎంత కావాల్నో అంతే చేతి పర్సులో."

"సరే."

"స్టేషన్ల కాడ శానా జాగ్రత్త. ఒకరొచ్చి కాగితం చూపించి సంతకం పెట్టమంటారు. నువ్వు అది చూసేలోపల ఇంకొకరు నీ బ్యాగు ఖాళీ చేస్తారు. ఎవరు పిలిచినా నిలబడొద్దు."

"సరే."

"ఏటీఎం మిషన్లో దుడ్డు తీసేటప్పుడు రూపాయల్లోనా, యూరోల్లోనా అని అడుగుతాది. యూరోలే నొక్కాల. రూపాయలంటే మనకాడ ఎక్కువ గుంజుకుంటారు. కార్డు ఎవురి చేతికీ ఇయ్యొద్దు. నంబరు కొట్టేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకో."

వంటింట్లోంచి కోడలు ప్రసన్నకుమారి నవ్వింది. "ఎవురికి చెప్తాండావు జెస్సీ! ఈడ మిషన్ కాడ వాచ్‌మన్ అయ్యన్న ఉండాడు కదా, అత్త కార్డు ఆయప్ప చేతికే ఇస్తాది. ఆయప్పకు చెవుడు. అందుకని నంబరు గట్టిగా అరిచి చెప్తాది. వరుసలో ఉండేటోళ్లందరికీ నోటికొచ్చు."

జెస్సీ తల పట్టుకుంది. "ఆ కార్డు ఇటియ్యి మా. ముందు ఆ నంబరు మార్పించాల. అక్కడ పనిచేసేట్టు బ్యాంకుకు కూడా చెప్పాల."

విశ్వాసమ్మ బొడ్లో దోపుకున్న చిన్న సంచి తీసి కార్డు ఇచ్చింది. జెస్సీ దాన్ని వెనకా ముందూ తిప్పింది. కార్డు మీద అక్షరాలు అరిగిపోయినా పేరు మాత్రం బాగానే కనిపిస్తోంది.

"అమా, ఇది నాయన కార్డు."

"అవును."

"నీ పేరు మీద లేదా?"

"డ్వాక్రా ఖాతాకు ఒకటి ఇచ్చినారు. ఇంగా కవరు చింపల్యా."

"నాయన పోయినట్టు బ్యాంకులో చెప్పల్యా?"

విశ్వాసమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. ఆ చేతులకు తడేమీ లేదు. చివరికి ప్రసన్నే బయటికొచ్చి గొంతు తగ్గించి చెప్పింది.

"సోమారం సోమారం పోతాది జెస్సీ. రవ్వంత తీస్తాది. దాన్ని ఖర్చు కూడా పెట్టదు. మామ ఫోను మోగాల, అంతే."

దావీదురాజుకు ఫ్యాక్టరీలో సోమవారం సెలవు. ఆ రోజే ఇంటి ఖర్చుకు డబ్బు తెచ్చి భార్య చేతిలో పెట్టేవాడు. ఆయన దారిలో ఉండగానే, ఇంట్లో వదిలివెళ్లిన ఆయన ఫోనులో డబ్బు తీసినట్టు బ్యాంకు మెసేజి టింగుమని వచ్చేది. 'ప్రియమైన దావీదురాజు' అని దాని మొదట్లో ఉంటుంది. ఈ లోకంలో ఆయన్ని ఇంకా బతికున్న మనిషిలా పేరు పెట్టి పిలుస్తున్నది ఆ బ్యాంకు ఒక్కటే. ఆ ఒక్క పిలుపు కోసం విశ్వాసమ్మ ఎండలో నడిచి వెళ్లి వస్తోంది.

జెస్సీకి కోపం, ఏడుపు ఒకేసారి వచ్చాయి. కోపమే ముందు బయటపడింది. "చనిపోయినోళ్ల కార్డు వాడకూడదు మా! దీన్ని పట్టుకోని ఊరుగాని ఊర్లో ఇరుక్కుంటే ఏం చెప్తావు? ఇది ఎవురిదని అడిగితే?"

అప్పుడే టిఫినుకు వచ్చిన కొడుకు యేసుప్రసాద్‌కు టైర్ల షాపు ఉంది. ఏ పనైనా చప్పున తెమిలిపోవాలనే మనిషి. "చెప్తే ఖాతా ఆపేస్తారు పాపా. ఆ కాగితం తే, ఈ సంతకం తే అని తిప్పుతారు. అమ్మ తిరిగొచ్చినాక చూసుకుందాం. ఇప్పటికి ఈ కార్డే అక్కడ పనిచేసేట్టు నేను మాట్లాడతాలే. నా గొంతు నాయన గొంతు మాదిరే ఉంటాది."

"వద్దన్నా. అది తప్పు."

"అందరూ చేసేదేలే."

అతను తండ్రి ఫోనే తీసి బ్యాంకుకు చేసి, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచాడు. పాట, ఆ తర్వాత ఒక అమ్మాయి గొంతు. "నమస్కారం. ఖాతాదారు దావీదురాజు గారేనా మాట్లాడేది?"

యేసుప్రసాద్ గొంతు సవరించుకున్నాడు. "ఆఁ, నేనే. దావీదురాజునే మాట్లాడతాండా."

అచ్చం ఆయనే. ఆ 'ఆఁ' కూడా ఆయనదే. విశ్వాసమ్మ గోడ పట్టుకుని బల్ల దాకా వచ్చి, ఫోను చేతిలోకి తీసుకుంది.

"మాట్లాడింది ఆయన కాదు మా. నా కొడుకు."

"అలాగా అమ్మా. దావీదురాజు గారికి ఒకసారి ఫోను ఇస్తారా?"

"ఇయ్యలేను."

ప్రభువు సన్నిధికి చేరాడు అని చర్చిలో అందరూ అన్నారు. ఇన్నాళ్లూ ఆ మాట చాటున ఆమె కూడా తలూపుతూ వచ్చింది. ఇప్పుడు ఆ మాట నోటికి రాలేదు.

"ఆయన చచ్చిపోయినాడు," అంది.

"క్షమించండమ్మా," అంది ఆ అమ్మాయి చిన్నగా. "కార్డు ఇప్పుడే ఆపేస్తున్నాను. మరణ ధ్రువపత్రం తీసుకుని మీ బ్రాంచికి వెళ్లండి. వాళ్లు మిగతాది చూస్తారు."

విశ్వాసమ్మ ఫోను ఇంకా పట్టుకునే ఉంది. అది ఆమె అరచేతిలోనే టింగుమంది. జెస్సీ తీసుకుని చూసింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తల్లి కోసం తెలుగు చేసి చదవడం ఆమెకు కష్టమైంది. "ప్రియమైన దావీదురాజు, మీ కార్డు నిలిపివేశాం."

"ఇంక రాదు కదా పాపా?"

"రాదు మా."

విశ్వాసమ్మ చాప మీద సంచుల మధ్య కూలబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అయినా ఆగలేదు. సమాధి దగ్గర రావాల్సిన ఏడుపు, కూడికలో రావాల్సిన ఏడుపు కలిసి ఒక్కసారే వచ్చాయి. జెస్సీ పక్కన కూర్చుని తల్లి తలను ఒళ్లోకి తీసుకుంది. "నాకు ఫోన్ చేసి ఏడ్చుకోవచ్చు కదా మా" అని తనూ ఏడ్చింది. యేసుప్రసాద్ ఎక్కడ నిలబడాలో తెలియక నిలబడ్డాడు.

"తప్పైపాయ మా," అన్నాడు.

ఆమె చెయ్యి చాచి కొడుకు పాదం పట్టుకుంది. "నీ గొంతు అట్లే ఉండాది నాయనా. అందుకే ఓర్చుకోలేకపోతి."

మర్నాడు డ్వాక్రా కార్డు కవరు చింపారు. బ్యాంకులో పని ముగించుకుని తల్లీకూతుళ్లు మిషన్ దగ్గరికి వెళ్లారు. అయ్యన్న ఎప్పటిలాగే చెయ్యి చాచాడు. విశ్వాసమ్మ కార్డు ఇవ్వలేదు.

"ఏమ్మా, నా మీద అనుమానమా?"

"అనుమానం కాదప్పా," అంది ఆమె అతనికి వినపడేలా. "దూరం పోతాండా. నేర్చుకుంటాండా."

కొంగు అడ్డం పెట్టుకుని, ఒక్కో అంకె వెతుక్కుంటూ నొక్కింది. నోట్లు బయటికొచ్చాయి. సగం నడుము సంచిలో, సగం పర్సులో పెట్టుకుంది. అంతలో ఎక్కడో టింగుమంది. ఆమె ఉలిక్కిపడి చుట్టూ చూసింది.

"ఎవురికొచ్చింది పాపా?"

జెస్సీ తన సంచిలోంచి తల్లి ఫోను తీసి ఆమె చేతిలో పెట్టింది. "నీకే మా."