పెళ్లి చీరలో నెబ్యులా

“నాయన ఒప్పుకున్నాడు!”

సువర్ణ మెసేజ్ వచ్చేసరికి గిరి ధర్మవరంలో కంప్యూటర్ ముందు కూర్చుని ఎవరిదో చీర అంచుకు మామిడి పిందెలు గీస్తున్నాడు. ఆ సంతోషంలో ఒక పిందెకు రెండు తొడిమలు పెట్టేశాడు.

వెంటనే రెండో మెసేజ్: “కానీ...”

కాబోయే మామగారు, పట్టుచీరల అంగడి ముత్యాలప్ప పెట్టిన షరతు చిన్నదే. పెళ్లి చీర డిజైన్ గిరే గీయాలి. అది ఇంట్లో అందరికీ నచ్చాలి. నచ్చకపోతే ముహూర్తం మాటే ఎత్తకూడదు.

సువర్ణ షరతు ఇంకా చిన్నది. ఆమె అనంతపురంలో ఫిజిక్స్ లెక్చరర్. “నా చీరలో హంసలొద్దు గిరీ. నక్షత్రం పుట్టుక నుంచి చివరిదాకా ఉండల్ల.”

గిరి అయిదు మొనల చుక్కలు గీసి పంపాడు.

“ఇది నక్షత్రమా? పోలీసోళ్ల భుజం మీద ఉండేది కదా!”

ఇక వారం రోజులు వీడియో కాల్లో పాఠాలు. ఆదివారం ఉదయం డిజైన్ ప్రింటును ముత్యాలప్ప అంగడిలో పరుపు మీద పరిచారు. సువర్ణ అవ్వ రామాంజినమ్మ కళ్లద్దాలు పెట్టుకుంది. ఆ ఇంట్లో ‘అందరూ’ అంటే ఆమే.

“ఈ మసక ఏందప్పా?”

“మబ్బు అవ్వా, నెబ్యులా అంటారు,” సువర్ణ అందుకుంది. “గ్యాసు, ధూళి. చల్లబడి, తన బరువుకు తానే కుంగిపోయి, నడిమధ్యన కాగి కాగి నక్షత్రమైతాది.”

“మన మబ్బు నాలుగు చినుకులు రాల్చేదానికే ఏడుస్తాది. ఇది ఏకంగా నక్షత్రాన్నే కంటాదా? సరే, అంచులో ఈ గుండ్లు?”

“గ్రహాలు. నక్షత్రానికి పోగా మిగిలిన ధూళితో అయితాయి.”

“మిగిలిన సంగటితో చిన్న ముద్దలు చేసినట్లా! బాగుండాది. కొంగేదీ?”

గిరి గర్వంగా కొంగు చూపించాడు. సూర్యుడిలాంటి నక్షత్రం ఎర్రగా ఉబ్బి, పై పొరలు వదిలేసి, చివరికి తెల్లటి చిన్న చుక్కయి నిలిచింది. సైన్సుకు నూటికి నూరు మార్కులు. అవ్వ మాత్రం సున్నా వేసింది.

“పెళ్లికూతురి కొంగు తెలుపా?”

“తెలుపు వద్దంటే ఇంకా పెద్ద నక్షత్రం వేస్తా అవ్వా. అది పేలిపోయి, నల్లగా...”

“నలుపా! అదీ పేలిపోయేదా!”

ముత్యాలప్ప ప్రింటు చుట్టడం మొదలుపెట్టాడు. అందులో తన పెళ్లి కూడా చుట్టుకుపోతున్నట్టు అనిపించింది గిరికి. సువర్ణ చూపు ఏ నక్షత్రానికీ తీసిపోని వేడిగా ఉంది.

“మామా, ఒక్క నిమిషం! ఇంకో రకముండాది. చిన్నది, ఎర్రది. సూర్యుని కన్నా మసకే కానీ, ఉన్న ఇంధనాన్ని పొదుపుగా కాల్చుకుంటాది. విశ్వం పుట్టినప్పటి నుంచి ఇంతవరకు ఆ జాతిలో ఒక్కటి కూడా వయసైపోయి ఆరిపోలే.”

అవ్వ మనవరాలి వైపు తిరిగింది. “ఒక్కటి కూడా?”

“నిజమే అవ్వా.” సువర్ణ గిరిని కొత్తగా చూసింది. “పాఠం చెప్తాంటే ఊరికే నన్ను చూస్తాండావనుకుంటి. విన్నావా కూడా?”

“రెండూ చేసినా.”

ఆమె ముఖం ఎర్రబడింది. కొంగుకు ఏ ఎరుపు కావాలో గిరికి అక్కడే తెలిసిపోయింది. ముత్యాలప్ప చుట్టిన ప్రింటును మళ్లీ పరిచాడు. పొదుపు అన్న మాట ఆయనకు బాగా పట్టింది.

“ఎరుపు, ఆరిపోనిది, దుబారా లేనిది,” అవ్వ తీర్పు చెప్పింది. “ఇట్లాంటి మొగుడు కూడా దొరకడు. మబ్బులో రెండు నెమళ్లు పెడితే సరిపోతాది.”

“అవ్వా! నెబ్యులాలో నెమళ్లుండవు!”

“మబ్బున్నచోట నెమళ్లెందుకుండవే?”

సువర్ణ నోరు తెరిచింది. గిరి చేతులు జోడించబోతున్నాడు. అతణ్ని చూసి ఆమె నోరు మూసుకుంది.

“చిన్నవి పెట్టు గిరీ,” అంది మెల్లగా.

ముత్యాలప్ప లేచి కండువా దులుపుకున్నాడు. “రేపు పొద్దున్నే అయ్యవారి కాడికి పోయి ముహూర్తం పెట్టించుకుందాం. అట్నుంచి అటే పట్టునూలుకు ఎరుపు అద్దించేదానికి పోదాం. ఏమప్పా గిరీ, తొందరగా రా!”