మెనూ నిండా బూట్లు

"ఏమండీ, మీరు నాకు అమ్మింది వీడియో సాఫ్ట్‌వేరా, చెప్పుల కొట్టు క్యాటలాగా?"

లెక్కల మాస్టారు కౌంటర్ మీద డిస్కు పెట్టి అడిగిన మాట ఇది. వారం క్రితం ఆ కంప్యూటర్ సామాన్ల దుకాణానికి మొదటిసారి వచ్చినప్పుడు మనిషి ఎంత మర్యాదగా ఉన్నాడో. మోచేతుల దాకా సుద్దపొడి, చంకలో పరీక్ష పేపర్లు. వాళ్ల నాన్నగారు తీసిన ఎనిమిది టేపులు కంప్యూటర్లోకి ఎక్కించాడట, వాటిని టీవీలో చూసుకునే డిస్కుగా చేయాలట, సాఫ్ట్‌వేర్ మాత్రం చవగ్గా ఉండాలట.

దుకాణంలో అమ్మకాలు చూసే అమ్మాయి మూడు పెట్టెలు ముందు పెట్టింది. మొదటిది సినిమావాళ్లకు సరిపోయే రకం. ధర వినగానే మాస్టారు దాన్ని రెండు వేళ్లతో వెనక్కి జరిపాడు. రెండోది మధ్యరకం. మూడోది అన్నిటికన్నా చవక, తన పని తాను చేసుకుపోతుంది, మన ఇష్టాయిష్టాలు అడగదు. ఇంట్లో చూసుకోవడానికి అదే చాలని, ఊరికే ఎక్కువ పెట్టొద్దని ఆమే చెప్పింది. దుకాణం ఓనరైన ఆమె బాబాయి వెనక నుంచి గొంతు సవరించుకున్నాడు, కానీ అప్పటికే బిల్లు అయిపోయింది.

ఆ నిజాయితీకి దక్కిన బహుమతి ఇదన్నమాట. ఆమె మూతి బిగించి డిస్కు కంప్యూటర్లో పెట్టింది. తెర మీద వచ్చిన మెనూలో ఎనిమిది గళ్లు, టేపుకొక బొమ్మ. ఎనిమిదింటిలోనూ నల్లబూట్లే. ఇసుకలో బూట్లు, గడ్డిలో బూట్లు, మెట్ల మీద బూట్లు. ఆమె నవ్వాపుకోలేక, ఏదో పడిపోయినట్టు కౌంటర్ కిందకి వంగింది.

"నవ్వండి, నవ్వండి. ఏ గడిలో ఏ టేపుందో ఎలా తెలుస్తుంది?"

తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. అది ప్రతి టేపులోనూ మొట్టమొదటి దృశ్యాన్నే బొమ్మగా పెడుతుంది. మాస్టారి నాన్నగారేమో కెమెరాను కిందికి పట్టుకుని బటన్ నొక్కి, ఆ తర్వాత తీరిగ్గా పైకెత్తేవారు. మధ్యరకంలో అయితే మనకు నచ్చిన బొమ్మ ఏరుకోవచ్చు. కానీ సీలు విప్పిన పెట్టె ప్రాణం పోయినా వెనక్కి తీసుకోనన్నాడు బాబాయి.

"సలహా నాది కాబట్టి చాకిరీ కూడా నాదే. షాపు కంప్యూటర్లో మధ్యరకం ఉంది, నేను చేసిస్తాను. బడి వదిలాక రోజూ రండి" అంది ఆమె.

రోజుకొక టేపు చొప్పున ఎనిమిది రోజులు పడుతుందని కూడా చెప్పింది. నిజానికి రెండు గంటల పని. ఆ సంగతి తెలిసిన బాబాయి చదువుతున్న న్యూస్‌పేపర్ను కాస్త పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

మాస్టారు రోజూ వచ్చేవాడు. తన చిన్నప్పటి వేషాలు చూడ్డానికి సిగ్గని స్టూలు మీద అటు తిరిగి కూర్చుని పేపర్లు దిద్దుకునేవాడు. ఆమె టేపు చూస్తూ బొమ్మ ఏరేది, మధ్యమధ్యలో ఏడిపించేది. అయిదేళ్లప్పుడు ఈ గొడుగు మీద కూర్చుని ఎందుకు విరగ్గొట్టారని అడిగితే, అది లెక్కల సందేహం కాదు గనక జవాబు చెప్పనన్నాడు. నాలుగో రోజుకల్లా ఆమె అయిదింటి నుంచే గుమ్మం వైపు చూడడం మొదలుపెట్టింది. డిస్కు పూర్తయితే ఈ మనిషి ఇక రాడు కదా అనే దిగులు పట్టుకుంది.

ఎనిమిదో రోజు వాన. మాస్టారు సగం తడిసి వచ్చాడు. ఆఖరి టేపు అయిపోయాక ఆమె అడిగింది.

"మీ నాన్నగారు ఒక్కదాంట్లోనూ కనబడలేదేం?"

"కెమెరా ఎవరి చేతికీ ఇచ్చేవారు కాదండీ." మాస్టారు ఎర్రపెన్ను మూత పెట్టాడు. "ఆయన పోయి రెండేళ్లయింది. ఒక్కసారి టీవీలో ఆయన్ని చూడాలని అమ్మ అడిగింది. ఎక్కడో ఒకచోట ఉంటారనుకున్నాను. మీకూ కనబడలేదంటే లేనట్టే."

ఆమె కొత్త డిస్కు కవర్లో పెట్టింది. బూట్ల డిస్కు పారేయబుద్ధి కాక, దాన్నీ పక్కనే దూర్చింది. మాస్టారు థాంక్స్ చెప్పి వానలోనే వెళ్లిపోయాడు.

తర్వాత రెండు రోజులు రాలేదు. రావడానికి పనేముంది? అదే మాట తనకు తాను చెప్పుకుంటూ ఆమె ఒక ప్రింటర్‌కు రెండుసార్లు బిల్లు రాసింది.

మూడో రోజు సాయంత్రం మాస్టారు వచ్చాడు, వెంట వాళ్లమ్మగారు. ఆవిడ కళ్లు ఉబ్బి ఉన్నాయి, మొహం మాత్రం కళకళలాడుతోంది.

"బూట్ల డిస్కు నువ్వే పెట్టావా అమ్మా?"

"పొరపాటున..." ఆమె నసిగింది.

"మా ఆయన అందులోనే ఉన్నాడు. ఆ ఎడమ బూటు లేసు చూశావా, నేల మీద ఈడుస్తూ ఉంటుంది. ఎన్నిసార్లు పోట్లాడానో దాని గురించి. ఎనిమిది గళ్లలోనూ అలాగే వదిలేశాడు మహానుభావుడు." ఆవిడ కళ్లు తుడుచుకుని నవ్వింది. "మూడు రోజులుగా ఆ మెనూయే పెట్టుకుని చూస్తున్నాను. ఇక రెండో డిస్కు సంగతి. అందులో బొమ్మలు ఎవరు ఏరారు?"

"నేనేనండీ."

"టేపుల నిండా చుట్టాలున్నారు, సముద్రముంది. ఎనిమిది బొమ్మల్లోనూ వీడే ఉన్నాడేం?"

ఆ విషయం ఆమెకే తెలియదు. "బాగున్నవే ఏరానండీ" అంది చిన్నగా.

"మూడోదాంట్లో వీడికి ముక్కు కారుతోంది కదమ్మా."

బాబాయి పేపరు వెనక నుంచి నవ్వు తన్నుకొచ్చింది. ఆమె తల ఎత్తలేదు. మాస్టారు చెవులు ఎర్రబడ్డాయి.

"ఎనిమిదికి ఎనిమిదండీ. నేను రాత్రంతా లెక్కవేశాను, ఎలా వేసినా ఒకటే జవాబు వస్తోంది" అన్నాడు. "నా జవాబూ అదే. నాలుగో రోజు నుంచీ దిద్దిన పేపర్లే మళ్లీ దిద్దుతున్నాను."

"అయితే పెద్దవాళ్లం మేం మాట్లాడుకుంటాం" అంటూ ఆవిడ బాబాయి ఎదుటి కుర్చీలో కూర్చుంది. బాబాయి పేపరు మడిచాడు.

మాస్టారు సంచిలోంచి నాన్నగారి పాత కెమెరా తీశాడు. మీదొక్క టేపు తీసుకోవచ్చా అని ఆమెను అడిగాడు. ఆమె తలూపింది. అతను కెమెరా కిందికి పట్టుకునే బటన్ నొక్కి, అప్పుడు పైకెత్తాడు.

ఆ తొమ్మిదో టేపును వాళ్లిద్దరూ కలిసి చవకరకంలోనే చేశారు. మొదటి దృశ్యం గడిలోకి దానంతటదే వచ్చి కూర్చుంది: ఆమె నీలం చెప్పులు, ఎదురుగా అతని బూట్లు. బొమ్మ మార్చనా అని మాస్టారు అడిగాడు. వద్దంది ఆమె.