ఖాళీ అన్న మాట

ఉదయం ఏడింటికే వంటింట్లో యుద్ధం మొదలైంది. ఆర్నెల్లుగా ఆ ఇంట్లో రోజూ నడుస్తున్న తగువే అది: రివాల్వరు గొప్పదా, పిస్టల్ గొప్పదా? తండ్రీకూతుళ్లిద్దరూ ఒకే షూటింగ్ రేంజిలో పనిచేస్తుంటే ఇంక వేరే తగువు ఎక్కడినుంచి వస్తుంది!

"నీ పిస్టల్లో తూటా పేలకపోతే ఏం చేస్తావ్? పైనున్న స్లైడు బలంగా వెనక్కి లాగాలి, ఆ తూటా బయటికి దులపాలి. ఈలోగా ఎదుటివాడు భోంచేసి వస్తాడు. నా రివాల్వరైతే ఇంకోసారి ట్రిగ్గర్ నొక్కితే చాలు, పక్క తూటా వచ్చి కూర్చుంటుంది" అన్నాడు నాన్న.

"ఆరూ అయిపోయాక? పూసలు గుచ్చినట్టు ఒక్కొక్కటీ ఎక్కిస్తూ కూర్చుంటావా? దీంట్లో పదిహేను పడతాయి నాన్నా. తూటాల మ్యాగజైన్ మార్చడం రెండు సెకన్ల పని."

"ఆరింటితో కానిది పదిహేనింటితో అవుతుందా?"

"ఇవాళ్టినుంచి గార్డులందరికీ పిస్టలే నేర్పాలని మేనేజరు గోడకి కాగితం అంటించాడు. నాకు ఓపిక లేదు, వదిలెయ్."

నిజంగానే ఆమెకు ఓపిక లేదు. రేంజిలో కాల్చేవాళ్లు నిలబడే లైనుకి ఇన్‌చార్జి ఆమె. రోజంతా చెవులు మూసుకుని నిలబడటం, ఇంటికొచ్చాక ఇదే రామాయణం. నాన్న వయసుతోపాటు మొండితనం కూడా పెంచుకుంటున్నాడని ఎప్పుడో తేల్చేసుకుంది.

అమ్మ జామ్ సీసా తెచ్చి నాన్న ముందు పెట్టింది. ఆయన రెండు వేళ్లతో తిప్పగానే మూత వచ్చేసింది.

"ఈ మూతలు ఈమధ్య భలే సులువుగా వస్తున్నాయి" అన్నాడు నాన్న. అమ్మ వినపడనట్టు పొయ్యి వైపు తిరిగింది.

రేంజిలో నాన్నని అందరూ 'ఆరు తూటాల మాస్టారు' అంటారు. ఆయన పాఠం మూడే మాటలు: కన్ను, వేలు, నోరు. తుపాకీలో తూటా లేదని కంటితో చూడాలి, వేలు పెట్టి తడమాలి, ఆ తర్వాతే నోటితో 'ఖాళీ' అనాలి. ఆ మాట వినబడ్డాకే గీత దాటి గురిబొమ్మల దగ్గరికి మనుషులు నడుస్తారు. కూతురికి పద్దెనిమిదో ఏట ఆ మూడు మాటలూ నేర్పింది ఆయనే.

ఆ రోజు ఆస్పత్రులనుంచీ బ్యాంకులనుంచీ ఆరుగురు కొత్త గార్డులు శిక్షణకి వచ్చారు. కాల్చాల్సింది పిస్టలే అయినా నాన్న బల్ల మీద రెండు తుపాకులూ పక్కపక్కన పెట్టి, రెండింటి మంచీ చెడ్డా చెప్పాడు. రివాల్వరు చక్రం తెరిస్తే ఆరు గదులూ ఎదురుగా కనిపిస్తాయి, దాచుకోవడానికి దానికి చోటే లేదన్నాడు. పిస్టల్ చురుకైనదే, కానీ మ్యాగజైన్ తీసేసినా గొట్టం వెనక ఒక తూటా ఉండిపోగలదు, దాన్ని నమ్మకండన్నాడు.

"మీరైతే ఏది తీసుకుంటారు మాస్టారూ?" అని అడిగింది ఒక ఆస్పత్రి గార్డు.

"నేనా? సెలవు తీసుకుంటాను" అన్నాడు. అందరూ నవ్వారు. కూతురికి మాత్రం ఆ గొంతులో అలసట వినిపించింది.

పదకొండింటికి ఆస్పత్రి గార్డు పిస్టల్ నాలుగుసార్లు పేలి, ఐదోసారి టిక్కుమని ఊరుకుంది. కాసేపు ఆగాక నాన్న దాన్ని అందుకున్నాడు, మ్యాగజైన్ తీశాడు, ఒక్క క్షణం తటపటాయించి బల్ల మీద పెట్టేశాడు.

"ఖాళీ!"

గార్డులు గీత వైపు కదిలారు. కూతురు పిస్టల్ని ఎత్తి, అలవాటు కొద్దీ స్లైడు లాగింది. తూటా ఒకటి ఎగిరి సిమెంటు నేల మీద టింగుమంటూ దొర్లింది.

"ఎవ్వరూ కదలొద్దు!"

ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. లైను మూయించి, నాన్నని పక్కగదిలోకి తీసుకెళ్లింది.

"వేలు పెట్టి చూశావా?"

"చూశాను."

"అబద్ధం! స్లైడు లాగకుండా వేలెలా పెడతావ్? నువ్వు 'ఖాళీ' అన్నావని వాళ్లు నడిచారు నాన్నా!"

నాన్న నలభై ఏళ్ల అనుభవం అంటూ ఏదో మొదలుపెట్టి మధ్యలోనే ఆపేశాడు. ఆమె ఖాళీ పిస్టల్ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"అయితే ఇప్పుడు లాగు."

స్లైడు అరంగుళం కదిలి మళ్లీ ముందుకే జారిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి బొటనవేలు జారిపోయింది. నాన్న స్టూలు మీద కూలబడ్డాడు.

"ఏడాదిగా పట్టు రావట్లేదమ్మా. పొద్దున్న మరీను."

అప్పుడు అర్థమైంది ఆమెకు. ఆర్నెల్ల తగువు తుపాకుల గురించి కానే కాదు. రివాల్వరుకి లాగాల్సిన స్లైడు లేదు, అంతే. ఆ చిన్న సంగతి చెప్పలేక ఆయన రోజూ వంటింట్లో వాదించి వాదించి అలిసిపోయాడు.

"ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఇంట్లో కూర్చోబెడతారు. ఈ చేతులకి ఇంకేం వచ్చు?"

ఆమె రిపోర్టు పుస్తకం తెరిచింది గానీ చెయ్యి కదల్లేదు.

"రాయి. ఉన్నదున్నట్టు రాయి. దాచిపెడితే నీకు నేను సరిగ్గా నేర్పలేదని అర్థం" అన్నాడు నాన్న.

ఆమె ఏడుస్తూనే రాసింది. ఆయన్ని లైను మీదికి పంపకూడదని రాసింది. కింద ఇంకో వాక్యం చేర్చింది: తరగతిలో పాఠం చెప్పడానికి ఈయనకు సాటి ఎవరూ లేరు. దానికి మేనేజరు ఏమంటాడో తెలియదు.

మర్నాడు పెందలాడే లేచి ఆమె వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. లోపల అమ్మ జామ్ సీసా మూతని బలంగా తిప్పి వదులుచేసి, మళ్లీ పైపైన పెడుతోంది. తర్వాత ఉప్పు సీసా, ఆ తర్వాత నాన్న మాత్రల డబ్బా.

"నీకు తెలుసా అమ్మా?"

"నాకు తెలియకుండా ఎలా ఉంటుందే! ఆయనతో అనకు, చిన్నబోతారు."

ఆమెకు కళ్లు చెమర్చాయి. కన్ను, వేలు, నోరు అని ఇన్నేళ్లుగా అందరికీ అప్పజెప్పింది. కన్నతండ్రి చేతుల్ని మాత్రం ఒక్కరోజూ సరిగ్గా చూడలేదు.

నాన్న వచ్చి కూర్చున్నాడు. సీసాని దగ్గరికి లాక్కుని, మూత మీద చెయ్యి వేసి, తిప్పకుండా అమ్మ వైపు జరిపాడు.

"దీన్ని బిగించి ఇవ్వవే."

అమ్మ ఉలిక్కిపడింది. "బిగించేదేంటండీ?"

"రోజూ ముందే వదులుచేసి పెడుతున్నావని నాకు తెలుసులే. ఇకనుంచి బిగించే ఉంచు."

అమ్మ కళ్లు తుడుచుకుని మూత గట్టిగా బిగించి ఇచ్చింది. నాన్న తిప్పాడు. రాలేదు. మళ్లీ తిప్పాడు. అప్పుడు తలెత్తి, లైను మీద 'ఖాళీ' అని చెప్పే గొంతుతోనే, ఇల్లంతా వినబడేలా అన్నాడు:

"రావట్లేదు!"

కూతురు చెయ్యి చాచి సీసా అందుకుంది.