చాకు పడిన చిన్నరసం

"కంటైనర్‌కి సీలు పడేలోగా పట్టుకోవాలి, గౌతమీ!" ఇయర్‌పీస్‌లో చీఫ్ దత్తాత్రేయ గొంతు. "నూజివీడు మామిడి గుజ్జులో సన్‌సెట్ ఎల్లో అనే సింథటిక్ రంగు కలిపారు. విదేశీ డ్రింకుల ముఠా పని. గల్ఫ్‌లో అది బయటపడితే మన సరుకు ఇంకెవడూ కొనడు."

"పండే లేని పానీయం వాళ్లది, మచ్చ మన పండుకా? చూస్తానండీ వాళ్ల సంగతి!"

"లోపల మన ఏజెంట్ జయకర్ ఉన్నాడు. ఫైల్లో సొంతూరు నూజివీడు దగ్గరి రెడ్డిగూడెం. కోడ్ గుర్తుందిగా?"

ఏజెంట్ గౌతమి ఎక్స్‌పోర్ట్ ఆఫీసరు వేషంలో విస్సన్నపేట రోడ్డులోని పల్ప్ యూనిట్‌కి వెళ్లింది. డ్రమ్ములన్నీ కంటైనర్‌లోకి ఎక్కేశాయి. దాని గుమ్మంలో జయకర్. లినెన్ సూటు, గేటు దాకా కొట్టే సెంటు వాసన.

"ఈ ఏడు పూత ఆలస్యమా?" అంది గౌతమి.

"కాపు మాత్రం ముందే, మేడమ్." కోడ్ సరిపోయింది.

ఆమె కంటైనర్ ఎక్కింది. ఒక డ్రమ్ములోంచి గుజ్జు శాంపిల్ అతనే తీసి ఇచ్చాడు. ఆమె లిప్‌స్టిక్ మూత తీసింది. లోపలున్నది ఎలక్ట్రోకెమికల్ సెన్సర్. చుక్క వేస్తే చాలు, సింథటిక్ రంగు ఉంటే కరెంటు పెరిగి ఫోన్‌లో గీత కొండలా లేస్తుంది. గీత లేవలేదు.

"క్లీన్! సీలు వేయించేద్దాం," అన్నాడు జయకర్, పక్క డ్రమ్ముకి ఆనుకుని.

యూనిట్ నడిపే రైతు సంఘం ప్రెసిడెంటు నాగేంద్రమ్మ చిన్నరసాల బుట్టతో కంటైనర్ ఎక్కింది. "తిని చూడండి. మా కాయలో కల్తీ ఉంటే నా పేరు మార్చుకుంటా!"

గౌతమి ఒక పండు తీసుకుని అరచేతుల్లో మెల్లగా పిసకసాగింది. జయకర్ తనూ ఒకటి తీసుకుని, జేబులోంచి చాకు తీసి, దాన్ని నీటుగా ముక్కలు కోశాడు.

గౌతమి చేతులు ఆగిపోయాయి. కోసుకు తినేది బంగినపల్లిని. రసాన్నయితే పిసికి, ముచ్చిక తీసి జుర్రుకోవాలి. ఇక్కడ పుట్టినవాడికి ఈ సంగతి ఒకరు చెప్పాలా? వీడు రెడ్డిగూడెం బస్సు కూడా ఎక్కి ఉండడు! ఫైల్లో ఊరే అబద్ధమైతే, మనిషి ముఠా వాడే. ఆమెకి ఒళ్లు మండింది.

"నువ్వు ఆనుకున్న డ్రమ్ము మూత తియ్యి."

అతను కదల్లేదు. ఆమె అతన్ని నెట్టేసి, మూత తీసి చుక్క వేసింది. గీత రివ్వున లేచింది.

జయకర్ పిస్టల్ తీశాడు. "ఇద్దరూ కిందికి దిగండి! డ్రైవర్, తలుపు మూసి సీలు వెయ్!"

ముగ్గురూ దిగాక లారీ డ్రైవర్ తలుపు మూశాడు. సీలు లాక్‌లోకి దూరబోతోంది.

"మా కాయకి రంగేస్తావురా? ఇదిగో మా రంగు!" నాగేంద్రమ్మ చేతిలోని రసాన్ని ముచ్చిక తీసి ఒక్క పిసుకు పిసికింది. గుజ్జు చిమ్మి అతని కళ్లలో పడింది. గౌతమి ఒక చేత్తో పిస్టల్ లాక్కుని, రెండో చేత్తో సీలు పట్టేసింది.

"ఎలా పట్టావమ్మా?" సాయంత్రం చీఫ్ అడిగాడు.

"చిన్నరసాన్ని చాకుతో కోశాడండీ."

"అంత రుజువుండగా ఇంక సెన్సర్ దేనికి?"

"జడ్జిగారిది ఏ ఊరో మనకి తెలీదు కదండీ!"