పది గోళ్లు, పది బూడిద రంగులు

“మూడు నెలలైందిరా. ఇంకెన్నాళ్లు ఒళ్లో కంచాలు పెట్టుకుని తినాలి?” అంది అమ్మ.

“రంగు తేలితే ఓడ కదులుతుందమ్మా.”

“బూడిద రంగేగా. పూసి అవతల పెట్టు.”

“ఏ బూడిద?” అన్నాడు అతను. ఆ మాట వింటే చాలు, ఇంట్లో అందరూ కంచాల్లోకి చూస్తారు.

భోజనాల బల్లని సగానికి పైగా యుద్ధనౌక ఆక్రమించుకుంది. అట్టతో, చెక్కతో అతను చేసిన మోడల్. అసలు ఓడ ఎనభై ఏళ్ల కిందట యుద్ధంలో తిరిగింది. దొరికిన ఫొటోలన్నీ నలుపూ తెలుపూ. అది నీలం కలిసిన బూడిద అంటాడు మోడల్ క్లబ్బు ప్రెసిడెంటు. కాదు, ఆకుపచ్చ కలిసినది అంటాడు ఇతను. ఈ తేడా వల్ల ప్రపంచంలో ఎవరికీ ఏ నష్టమూ లేదని అతనికీ తెలుసు. తెలిసి మాత్రం ఏం లాభం.

చెల్లెలు అతన్ని అడ్మిరల్ అంటుంది. బయట అతనిది కళ్లజోళ్ల షాపు.

“అడ్మిరల్ గారూ, ఆ గోళ్లేంటి?” అంది చెల్లెలు.

అందరూ చూశారు. పది గోళ్లకీ పది రకాల బూడిద.

“రికార్డుల ఆఫీసులోకి రంగు డబ్బాలు తీసుకెళ్లనివ్వరు. గోళ్లు బయట పెట్టి రమ్మని మాత్రం ఏ రూల్లోనూ లేదు.”

“షాపుకి కూడా ఇలాగే వెళ్తావా?” అన్నాడు నాన్న పేపరు వెనక నుంచి.

నాయనమ్మ అతని చెయ్యి పట్టుకుని ఒక్కో వేలూ చూసింది. “చూపుడు వేలిది బాగుందిరా” అంది.

రికార్డుల ఆఫీసులో చిరిగిన కాగితాలు బాగుచేసే అమ్మాయి ప్రతి శనివారంలాగే ఆ ఓడ ఫైలు తెచ్చి ముందు పెట్టింది. నాలుగే పేజీలు. ఆఖరి పేజీకి అగ్గిపెట్టెంత రంగు నమూనా అతికించి ఉంది. దాన్ని ఎన్నిసార్లు చూసి వెళ్లినా ఇంటికి చేరేసరికి మనసులో ఆ రంగు మారిపోయేది. మారకుండా గుర్తుండేది ఆమె జుట్టు ముడిలో గుచ్చిన పెన్సిలు ఒక్కటే.

అతను వేళ్లు ఒక్కొక్కటే నమూనా పక్కన పెట్టాడు. బయటికి పంపిస్తుందేమో అనుకున్నాడు.

“గోళ్లు బాగున్నాయండి” అంది ఆమె నవ్వకుండా. “తగలనివ్వకండి.”

“ఎడమ ఉంగరపు వేలు. నేను చెప్పానా, ఆకుపచ్చే.”

“తొందరపడకండి. అది నూనె రంగు. ఎనభై ఏళ్లుగా...”

“రోజూ వందమంది కళ్లు పరీక్షించేవాణ్ణండీ. రంగుల గురించి నాకు చెప్పకండి.”

ఆమె ఫైలు మూసేసింది. “సరే. చెప్పను.”

మెట్లు దిగుతుంటే అతనికి ఒక సంగతి అర్థమైంది. రంగు దొరికింది కాబట్టి ఇక ఇక్కడికి రావడానికి కారణం లేదు. కారణం ఉన్నా, ఆ మాట అన్నాక రావడానికి మొహం లేదు.

ఓడకి ఆకుపచ్చ బూడిద పూశాడు. క్లబ్బు పత్రికలో రెండు పేజీల వ్యాసం రాసి, ఉంగరపు వేలి ఫొటో కూడా వేయించాడు. గెలిచిన సంతోషం ఒక పూట కూడా నిలవలేదు. మూడు శనివారాలు షాపులోనే కూర్చున్నాడు. మూడో శనివారం ఒకాయనకి వాళ్లావిడ కళ్లజోడు పెట్టి పంపించాడు.

నాలుగో వారం ఫోను మోగింది. “రికార్డుల ఆఫీసు నుంచండీ. వేళ్లు ఖాళీగా ఉంటే ఒకసారి తీసుకురండి.”

అతను షాపు మూసి, పది గోళ్లకీ మళ్లీ రంగులు వేసుకుని, అవి ఆరకముందే వానలో బయల్దేరాడు. గొడుక్కి కూడా కొంత బూడిద అంటింది.

ఆమె అతన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. నమూనాలో సగం నల్ల కాగితం కింద ఉంది. ఆమె ఆ కాగితం తీసింది. దాని కింద ఆకుపచ్చ బూడిద. వెలుగు తగిలిన సగం మాత్రం తేటగా, నీలంగా ఉంది.

“నూనె రంగు చీకట్లో ఉంటే పసుపెక్కుతుంది. వెలుగులో పెడితే ఆ పసుపు వదులుతుంది. ఈ ఫైలు ఎనభై ఏళ్లు మూసే ఉంది. పై అధికారిని ఒప్పించి మూడు వారాలు ఇక్కడ ఉంచాను.”

అతను వేళ్లు చూసుకున్నాడు. కుడి చిటికెన వేలు. ప్రెసిడెంటు చెప్పిన రంగే. వ్యాసం అచ్చయిపోయింది, ఓడకి రంగు ఆరిపోయింది.

“ఆ రోజు మీరు చెప్పబోయింది ఇదేనా?”

“ఇదే. కానీ మీరు వందమంది కళ్లు చూసేవారు కదా.”

“వందమంది కాదండి. వానాకాలంలో నలుగురు.”

ఆమె నవ్వింది. ఆ నవ్వు చూశాక తప్పు ఒప్పుకోవడం అంత కష్టంగా అనిపించలేదు.

“పత్రికలో నాది తప్పని రాస్తాను. కనిపెట్టింది మీరని కూడా రాస్తాను. కానీ నేనంత మాట అన్నాక మీకు ఇంత శ్రమ ఎందుకు?”

ఆమె పెన్సిలు తీసి, మళ్లీ ముడిలోనే గుచ్చుకుంది. “నాలుగు పేజీల ఫైలు కోసం పదకొండు శనివారాలు వచ్చారు. మొదట్లో మీకు చదవడం రాదేమో అనుకున్నాను. తర్వాత మూడు శనివారాలు రాలేదు. ఈ కిటికీ దగ్గర నేను చూస్తున్నది రంగునేనా అని నాకే అనుమానం వచ్చింది.”

కిటికీలోంచి చూస్తే ఆఫీసు గేటు కనిపిస్తుంది. అది అతను అప్పుడే గమనించాడు.

“నేను మొదటి శనివారం నుంచీ ఫైలు చూడ్డం లేదండి” అన్నాడు. “ఎదురుగా ఉన్నది కనపడని కళ్లజోళ్లవాణ్ణి. ఫర్వాలేదనుకుంటే...”

“ఇప్పుడే చెప్పలేను. కొన్నాళ్లు వెలుగులో పెట్టి చూడాలి.”

“అయితే ఆదివారం మా ఇంటికి భోజనానికి రండి. మా ఇంట్లో వెలుతురు బాగానే ఉంటుంది.”

ఆ సాయంత్రం ఇంట్లోవాళ్లు అలవాటుగా కంచాలు ఒళ్లో పెట్టుకునేసరికి, అతను ఓడని రెండు చేతులా ఎత్తి తన గదిలో పెట్టి వచ్చాడు.

“రంగు తేలిందా?” అంది అమ్మ.

“తేలింది. కుడి చిటికెన వేలిది. నాది తప్పు.”

నాన్న పేపరు దించాడు. ఆ ఇంట్లో ఆ మాట ఇంతవరకు ఆయన కూడా అనలేదు.

అతను తడిగుడ్డతో బల్ల తుడిచాడు. “ఆదివారం ఆరు కంచాలు పెట్టమ్మా” అన్నాడు నెమ్మదిగా. “ఆ రికార్డుల ఆఫీసు అమ్మాయి ఒప్పుకుంటే, ఇకమీదట రోజూ ఆరే.”

అమ్మ ఇంట్లోవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టింది. ఐదుతో ఒక చెయ్యి అయిపోయింది.

నాయనమ్మ అతని కుడి చెయ్యి దగ్గరికి లాక్కుని చిటికెన వేలు పట్టుకుంది.

“ఈ రంగు ఖాయం చెయ్యరా” అంది.