మూడు చిక్కుడు కుండీలు

"నా మొక్కల్ని ఎవరో చంపుతున్నారు. వాడెవడో చెప్పండి చాలు, వాణ్ణి వీధిన పడేసే పని నాది!"

గులాబీ నర్సరీ యజమానురాలు కుర్చీలో కూర్చోకుండానే అన్నది. గొంతులో పగ బుసకొడుతోంది. ఎదురుగా ఉన్న డిటెక్టివ్‌ను జనం భూతద్దం అంటారు, ఆయన మాత్రం ఏనాడూ భూతద్దం పట్టిన పాపాన పోలేదు. ఆయన మేనకోడలే ఆయనకు సహాయకురాలు. మామయ్య లేచేలోగా ఆమె కారు తాళాలు అందుకుంది.

షెడ్డులో ఒకే ఒక్క మడిలో ఉన్నాయి ఆ తల్లి మొక్కలు. లోకంలో మరెక్కడా లేని గులాబీ రకం అది, వచ్చే వారం ప్రదర్శనలో యజమానురాలి పేరుతో బయటికి రావాలి. ఇప్పుడు కొమ్మలు మెలికలు తిరిగి, ఆకులు ముడుచుకుపోయి ఉన్నాయి. మధ్యలో మొలిచిన గడ్డి మాత్రం నవనవలాడుతోంది.

"తెగులేమో మామయ్యా?"

"గడ్డిని చూసి మాట్లాడు."

గులాబీలకు అంట్లు కట్టే అంటుమేస్త్రి నీలం నీళ్ళడబ్బా పట్టుకుని వచ్చాడు. అక్కడ ఎవరి డబ్బా వారిది, మరొకరు ముట్టరు. యజమానురాలిది ఎరుపు, ఆమె మరిదిది పసుపు.

"అమ్మగారు సెలవివ్వలేదని కోపంలో నోరు జారాను సార్, నిజమే. అంతమాత్రాన పెంచిన చేత్తోనే చంపుకుంటానా?"

"వీడే!" అన్నది యజమానురాలు.

పక్కనే నిలబడ్డ మరిది తలెత్తలేదు. అతని భార్య పోయి ఏడాదయిందని యజమానురాలు చెప్పింది.

"ఆవిడా ఇక్కడే పనిచేసేదా?" అని అడిగాడు భూతద్దం.

"పొద్దస్తమానం ఈ మడి దగ్గరే ఉండేదండీ," అన్నాడు మరిది.

భూతద్దం మూడు డబ్బాలూ వాసన చూశాడు. రెండింట్లో మట్టి వాసన, పసుపుదాంట్లో సబ్బు వాసన. మూడు చిక్కుడు కుండీలు తెప్పించి, ఒక్కో డబ్బాలో మంచినీళ్ళు నింపి, ఒక్కో కుండీలోని మొలకల మీద పోయించి, కుండీలను తన గదిలో పెట్టి తాళం వేశాడు.

కొన్ని రోజుల తర్వాత షెడ్డులో అందరినీ కూర్చోబెట్టి కుండీలు ముందు పెట్టాడు. రెండింట్లో మొలకలు నిటారుగా ఉన్నాయి. మూడోదాంట్లో పాముల్లా మెలికలు తిరిగాయి.

"మొక్క కొసలో ఆక్సిన్ అనే హార్మోను పుడుతుంది. కాండం ఎటు వంగాలో, ఏ మొగ్గ నిద్రపోవాలో అదే చెబుతుంది. కొన్ని కలుపు మందులు దానికి దొంగ నకళ్ళు. గులాబీ, చిక్కుడు లాంటివి ఆ మాట నమ్మి అదుపు లేకుండా పెరిగి చస్తాయి. గడ్డి తట్టుకుంటుంది. ఆ మందు ప్లాస్టిక్‌ను పట్టుకుంటే ఎంత సబ్బు వేసి కడిగినా ఒక పట్టాన వదలదు. ఈ మూడో కుండీకి నీళ్ళు పోసింది పసుపు డబ్బాతో."

మేనకోడలు మామయ్య వంక గర్వంగా చూసింది. యజమానురాలు దిగ్గున లేచింది.

"నువ్వా! తిన్నింటి వాసాలు లెక్కపెడతావా?"

"ఎవరి తిండి వదినా?" మరిది మొదటిసారి ఆమె కళ్ళలోకి చూశాడు. "ఈ రకం పుట్టించింది నా భార్య. జ్వరంతో కాలిపోతూ కూడా దీనికి నీళ్ళు పోసింది. ఆమె చచ్చాక నువ్వు నీ పేరు పెట్టుకున్నావు. వేరేవాళ్ళ డబ్బా వాడితే నేను దొరికేవాణ్ణి కాదు. కానీ ఆమె పగ నా చేతి మీదుగానే తీరాలనుకున్నాను."

యజమానురాలి ముఖం పాలిపోయింది. అంటుమేస్త్రి వైపు చూడలేకపోయింది.

"కొసలు నరికేస్తే?" అని మేనకోడలు ఆశగా అడిగింది. "పైనుంచి వచ్చే ఆక్సిన్ ఆగిపోతే కింది మొగ్గలు మేలుకుంటాయి కదా మామయ్యా?"

యజమానురాలు గబుక్కున కత్తెర అందుకుంది.

"అదీ నా భార్యే నేర్పింది," అన్నాడు మరిది. "అందుకే వేళ్ళకి కూడా మందు పోశాను."

కత్తెర ఆమె చేతిలోనే ఉండిపోయింది. మరిది వైపు తిరిగి అడిగింది.

"దీనికి నీ భార్య పేరే పెట్టి ఉంటే?"

"పెట్టి ఉంటే ఈపాటికి పూసేది, వదినా."